అడవి బొమ్మలలోని బరక

మన యిండ్లలో నేడు ఛాయాచిత్రము తీయనివారు లేరు. పూర్వము పెండ్లికో పుష్కరమునకో పట్నమునకు పోయి, స్టూడియోలో ఊపిరి బిగబట్టి కూర్చున్నగాని దొరకని బొమ్మ, నేడు ముంగిట ముగ్గు పెట్టి లేచునంతలో చేతిలోని ఫోనున దిగుచున్నది. పగటివేళ దిగిన బొమ్మ అద్దమువలె నుండును. ఆ ముగ్గునే దీపాలవేళ తీసి, పెద్దది చేసి చూడుడు. నున్నగా నుండవలసిన గోడమీద ఎర్రని, నీలపు చుక్కలు పొడి చల్లినట్లు కానవచ్చును. కెమెరా తెలిసినవారు దీనిని ‘నాయిస్’ అందురు. ఫిలిము కాలమువారు ‘గ్రెయిన్’ అనెడివారు. వంటింటి మాటలో చెప్పవలెనన్న ఇది బరక. సరిగా నలుగని పిండి వ్రేళ్లకు తగిలినట్లు ఈ బొమ్మ కంటికి తగులును.

ఇంటి బొమ్మలో బరక వచ్చినచో మరునాడు మరల తీసికొనవచ్చును. అడవి జంతువు విషయమున అట్లు కాదు. అది మరల వచ్చునను నమ్మకము లేదు. వచ్చినను వెలుతురున వచ్చునను నమ్మకము అసలే లేదు. మన పిల్లలలో, ఆడపిల్లలలో సయితము, కెమెరా మెడను వ్రేలాడవేసికొని పక్షులవెంట తిరుగువారు ఏటేట పెరుగుచున్నారు. వారికి కెమెరా కొనిపెట్టవలసిన తల్లులు ఈ బరక సంగతి కొంత తెలిసికొనుట మంచిది. అంగడివాడు చెప్పు అంకెలు వేలలో, లక్షలలో నుండును. ధరయు నట్లే యుండును.

ఎర్రుపాలెము ఖమ్మము జిల్లాకు దక్షిణపుటంచున, కాజీపేటనుండి విజయవాడకు పోవు ఇనుపదారిమీద నున్న యూరు. దగ్గరనే జమలాపురము. అచటి వేంకటేశ్వరుని కోవెలను తెలంగాణ చిన్న తిరుపతి యందురు. చుట్టును వరి, పత్తి, మిరప చేలు. దీనిని అడవి యనుటకు వీలులేదు. అడవి చూడవలెనన్న ఉత్తరముగా చాలదూరము ప్రయాణముచేసి కొత్తగూడెము, పాల్వంచ చేరవలెను. అచట 1977లో ఏర్పడిన కిన్నెరసాని అభయారణ్యము 635 చదరపు కిలోమీటర్లు వ్యాపించి యున్నది. దుప్పులు, అడవిదున్నలు, ఎలుగులు, జలాశయములో మొసళ్లు గలవు. గోదావరి దాటినచో భద్రాచలము. 2016లో జిల్లాను విభజించినప్పుడు ఆ యడవులు భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినవి. ఎర్రుపాలెము ఖమ్మములోనే మిగిలినది. ఐనను అడవి తన వారిని కొందరిని చేలగట్లవరకు పంపుచునే యుండును. నక్క, ముంగిస, నెమలి, చింతతొర్రలో కాపురముండు చిన్న గుడ్లగూబ. ఈ గుడ్లగూబను పైడికంటె యని కూడ అందురు.

మా అక్కగారి మనుమరాలు ఆ యూర ఇంటరు చదువుచున్నది. పోయిన సంవత్సరము తండ్రిని వేధించి ఒక కెమెరా కొనిపించుకొన్నది. తొలి నెలలన్నియు పైడికంటె కొరకే కాచుకొన్నది. ఆ పక్షి ప్రొద్దు క్రుంకుటకు కొంచెము ముందుగా తొర్రవాకిట కూర్చుండి, మెడ త్రిప్పి లోకమును చూచి, చీకటి పడగనే ఎగిరిపోవును. ఒకనాడు బొమ్మ తెచ్చి నాముందు పెట్టి, “చిన్నమ్మమ్మా, కెమెరా చెడిపోయిందేమో చూడు. మధ్యాహ్నం తీసిన కాకి ఎంత బాగుందో, సాయంత్రం తీసిన గూబ అంత బరగ్గా ఉంది” అన్నది. చూచితిని. పైడికంటె తల గోధుమరంగు, దానిమీద సహజముగానే తెల్లని చిన్న చుక్కలుండును. ఆ చుక్కలలో పక్షివి ఏవో, బరకవి ఏవో తెలియకుండ కలిసిపోయినవి. కెమెరా చెడలేదు. అది చేయవలసిన పనినే చేసినది.

అడవిలో జంతువు కదలు వేళ వేరు, వెలుతురుండు వేళ వేరు. మిట్టమధ్యాహ్నము మన యడవులలో ఆకు కదలదు. దుప్పులు నీడపట్టున నెమరువేయుచుండును. ఎలుగు బండసందున నిద్రించును. తూరుపు తెల్లవారుచున్నప్పుడును, పడమట సంజ వ్రాలుచున్నప్పుడును నీటిరేవున సందడి మొదలగును. ఆ వేళల వెలుతురు ఎంతయో మన కన్ను మనకు చెప్పదు. అది తనంతట తాను సర్దుకొని, అన్నియు బాగుగనే కనబడుచున్నవని మనలను మభ్యపెట్టును. వెలుతురును కొలుచు మానము ‘లక్స్’. నడినెత్తి యెండ సుమారు 1,00,000 లక్స్. సూర్యుడు క్రుంకువేళ ఆరుబయట సుమారు 400. అనగా మనము ‘ఇంకను వెలుతురున్నదే’ యనుకొను సమయమున, మధ్యాహ్నపు వెలుతురులో రెండువందల యేబదవ వంతు మాత్రమే మిగిలియుండును. చెట్లగుబురులో అదియు నుండదు. పున్నమివెన్నెల పావు లక్స్‌కు అటునిటుగా నుండును.

ఇక్కడ ఒక పాత బొమ్మ సంగతి చెప్పవలెను. ఎర్రుపాలెము మీదుగా పోవు ఇనుపదారిమీదనే, వరంగల్లు దాపున నెక్కొండ యను స్టేషను గలదు. 1902 ఏప్రిలులో వైస్రాయి కర్జను ప్రభువు, ఆయన భార్య అచటికి వేటకు వచ్చిరి. వారు నిలిచియుండగా కాళ్లకడ పులి పడియున్న ఛాయాచిత్రము నేటికిని ప్రసిద్ధము. తీసినవాడు రాజా దీనదయాళుడు. మీరటు దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టి, ఇంజనీరింగు చదివి, ఉద్యోగము మాని, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడైనవాడు. మన పాఠకురాండ్రు ఆయనను మరియొక కారణముచేత జ్ఞాపకముంచుకొనవలెను. 1892లో ఆయన హైదరాబాదులో ఘోషా స్త్రీలకొరకు ప్రత్యేకముగా జెనానా స్టూడియో నెలకొల్పెను. దానిని కెన్నీ-లెవిక్ అను ఆంగ్లవనిత నడపినది. పురుషుని కంటబడక బొమ్మ తీయించుకొనుట ఆ కాలమున మన దేశమున ఎంత అపురూపమో ఊహింపుడు.

నెక్కొండ పులి చచ్చిన పులి. అది వేట గొప్పను చూపుటకై తీసిన బొమ్మయే, సందేహము లేదు. కాని చచ్చినందుననే అది కదలక యుండినదనుట కూడ నిజమే. ఆనాటి గాజుపలకలకు మంచి యెండలో క్షణములో కొంత భాగము చాలినను, సంజవేళ పొదలోనుండి నడచిపోవు పులిని పట్టుట వాని శక్తికి మించిన పని. బ్రతికిన పులిని రాత్రివేళ చిత్రించుటకు మరికొంత కాలము పట్టినది. సంయుక్త రాష్ట్రములలో అటవీ అధికారిగా నుండిన ఎఫ్. డబ్ల్యు. చాంపియన్, కాలిబాటకు అడ్డముగా తీగ కట్టి, పులి తగిలినంతనే మెరుపుదీపము వెలిగి బొమ్మ పడునట్లు ఏర్పాటుచేసి, ఆ చిత్రములతో 1927లో పుస్తకము ప్రకటించెను. పులిని చంపక గోడకెక్కించు విద్య మన దేశమున అట్లు వ్యాపించినది.

మరి మెరుపుదీపము లేకయే, మసకవెలుతురున బ్రతికిన జంతువును పట్టుట యెట్లు? అందుకు కెమెరాకు మూడు దారులు గలవు. కటకపు కన్ను పెద్దది చేయుట, ఆ కన్నును ఎక్కువసేపు తెరచియుంచుట, దొరికిన కొద్ది వెలుతురునే పెంచి చూపుట. ఈ మూడవదానికి ఒక అంకె గలదు. దానినే ఐ.ఎస్.ఓ. యందురు. అమెరికావారికి ఏ.ఎస్.ఏ., జర్మనులకు డిన్ అని వేర్వేరు కొలతలుండగా, 1974లో అంతర్జాతీయ ప్రమాణసంస్థ వానిని కలిపి ఒక్కటి చేసెను. డిజిటలు కెమెరాలకు సంబంధించిన ప్రమాణము 1998లో వచ్చెను. అంకె రెట్టింపైనచో సగము వెలుతురుతోనే బొమ్మ అంత ప్రకాశముగా కనబడునని అర్థము. 1935లో వచ్చిన కోడాక్రోమ్ రంగుల ఫిలిముకు ఈ లెక్కన సుమారు 10 మాత్రమే. ఎండ బాగుగ నున్నగాని అది పనికిరాదు. తరువాత 400 వేగముగల ఫిలిములు సామాన్యమైనవి. వేగమునకై వానిలో వెండిపలుకులను పెద్దవి చేయవలసివచ్చెను. ఆ పలుకులే బొమ్మలో బరకగా కనబడెడివి.

డిజిటలు కెమెరాలో వెండి లేదు. ఐనను బరక యేల వచ్చుచున్నది? చాలమంది ‘ఐ.ఎస్.ఓ. పెంచినందున’ అందురు. పుస్తకములలోను అట్లే వ్రాసియుండును. ఇది సగము మాటయే. అసలు కారణము తెలియుటకు కెమెరాను ప్రక్కనబెట్టి వానలోనికి రావలెను.

తొలకరి చినుకులవేళ ముంగిట ఒకే కొలతగల గిన్నెలు వంద బోర్లింపక పరచితిమనుకొనుడు. నాలుగు చినుకులు పడునంతసేపు ఉంచి లోపలికి తెచ్చితిమి. ప్రతి గిన్నెలో సరిగా నాలుగే యుండునా? ఒకదానిలో రెండు, ఒకదానిలో ఆరు, ఒకదానిలో ఒక్కటియు లేకపోవచ్చును. వానకు పక్షపాతము లేదు. చినుకు దాని యిచ్చవచ్చినచోట పడును, అంతే. గిన్నెకు సగటున నూరు చినుకులు పడువరకు ఉంచినచో హెచ్చుతగ్గు సుమారు పది యుండును, అనగా నూటికి పది. పదివేలు పడువరకు ఉంచినచో హెచ్చుతగ్గు వంద యుండును. చూచుటకు వంద పెద్ద అంకెయే కాని పదివేలలో అది నూటికి ఒకటి మాత్రమే. జడివానలో గిన్నెలన్నియు సమముగ నిండినట్లే కనబడును. హెచ్చుతగ్గు మొత్తమునకు వర్గమూలమని గణితశాస్త్రజ్ఞులు చెప్పుమాటకు అర్థమిదియే.

వెలుతురును వానవంటిదే. అది ధారగా గాక కణములుగా వచ్చునని ఐన్‌స్టయిను 1905లో ప్రతిపాదించెను. దీనదయాళుడు కాలధర్మము చెందినదియు ఆ సంవత్సరముననే. కెమెరాలోని సెన్సారనగా కోట్లకొలది చిన్న గిన్నెలు వరుసలుగా పరచిన ముంగిలి. ఎండలో తీసిన కాకిబొమ్మలో ఒక్కొక్క గిన్నెకు వేలకొలది కణములు పడినవి. సంజవేళ గూబబొమ్మలో పదులు, వందలు మాత్రమే. నున్నని చింతబెరడు మీద ప్రక్కప్రక్క గిన్నెలలో పడినవి సమముగా లేవు. ఆ అసమానతయే బరక. అనగా ఇది కెమెరా చేసిన తప్పు కాదు. వెలుతురు తక్కువైనప్పుడు వెలుతురుకే గల స్వభావము.

ఐ.ఎస్.ఓ. చేయునది వేరు. నలుగురికి చిలికిన మజ్జిగ పదిమందికి చాలవలెనన్న నీళ్లు పోయుదుము. గ్లాసులు నిండును, వెన్న పెరుగదు. ఐ.ఎస్.ఓ. పెంచుట అట్టిది. బొమ్మ ప్రకాశించును గాని అందులోని వెలుతురు కణము ఒక్కటియు అధికము కాదు. కటకపు కన్ను, తెరచియుంచు కాలము మార్చక అంకె మాత్రము పెంచినచో బరక పుట్టదు, ఉన్న బరక బయటపడును. దీనికి తోడు కెమెరాలోని విద్యుత్సాధనములకు స్వంత గురగుర కొంత గలదు. దూరపు రేడియోస్టేషను వినుటకు శబ్దము పెంచినప్పుడు పాటతోబాటు పెరుగు గురగురవంటిది. పాట గట్టిగ నున్నప్పుడు అది వినబడదు. పాట సన్నగిలినప్పుడే అది చెవికి తగులును. అందుచేతనే బొమ్మలో నీడలున్నచోట, ఎలుగు నల్లని వీపుమీద, దున్న కడుపుక్రింద బరక ముందుగ కనబడును. వేడికిని ఇది పెరుగును. కన్ను చాలసేపు తెరచియుంచినప్పుడు సెన్సారులో వేడివలన పుట్టు కల్లసంకేతము, ఆరేడు డిగ్రీలు పెరిగినప్పుడెల్ల ఇంచుమించు రెట్టింపగును. కొత్తగూడెపు వేసవి యెండలు ఎరిగినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

గిన్నెల లెక్క తెలిసినచో అంగడివాని అంకెల లెక్కయు తెలియును. వెడల్పు మూతిగల గంగాళములో పడు చినుకులు గ్లాసులో పడవు. పెద్దకెమెరాలలో ‘ఫుల్‌ఫ్రేము’ అనబడు సెన్సారు 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు. ఫోనులోనిది చిటికెనవ్రేలి గోరంత. ఫోనునుబట్టి వైశాల్యమున పదిరెట్లు మొదలు ముప్పదిరెట్లవరకు తేడా యుండును. అందుచేత సంజవేళ ఫోను ఓడిపోవుట సహజము. కాని ఫోనులవారు ఒక ఉపాయము చేసిరి. 2018 నుండి వ్యాపించిన రాత్రిచిత్రముల పద్ధతిలో ఒక్క బొమ్మ తీయక, వెంటవెంటనే అనేకములు తీసి ఒకదానిమీద నొకటి కలుపుదురు. పదునారు బొమ్మలు కలిపినచో బరక నాలుగవ వంతునకు దిగును. కదలని గోడకు, గోపురమునకు ఇది దివ్యముగ పనిచేయును. కదలు దుప్పిని పట్టబోయిన మాత్రము ఇబ్బందియే.

పెద్దకెమెరాలలో 2007లో వచ్చిన నికాన్ డి-3 ఒక మలుపు. దానికి సాధారణముగ 6,400 వరకు, అవసరమున 25,600 వరకు ఐ.ఎస్.ఓ. ఉండినది. అంతవరకు సంజవేళనే కెమెరా మూటగట్టుకొని తిరిగివచ్చు అడవి చిత్రకారులు మరి కొంతసేపు కూర్చుండసాగిరి. 2016 నాటి డి-5లో ఈ అంకె 32,80,000 వరకు పోయినది. ఆ చివరి అంకెతో తీసిన బొమ్మలో అక్కడ ఏదో యున్నదని తెలియును గాని అది చూడదగిన బొమ్మ కాదు. అంకె పెరిగినకొలది విద్య పెరిగినదని అనుకొనరాదు. నేటి మంచి సెన్సారు తనమీద పడు కణములలో సగమునకు పైగా పట్టుచున్నది. రేపు నూటికి నూరు పట్టు సెన్సారు వచ్చినను, ఇప్పటికంటె రెట్టింపు కూడ దొరకదు. ఎంత ధనము పోసినను సంజ వెలుతురు మధ్యాహ్నము కాదు. ఇక కొత్తకెమెరాకై అప్పుచేయు తండ్రులకు ఈ మాట చెప్పుడు.

అంతకంటె కటకముమీద పెట్టిన ధనము మేలు. ఒక్క ఉదాహరణము. సూర్యుడు క్రుంకువేళ 400 లక్స్ వెలుతురున దుప్పి గంతులు వేయుచున్నది. అది చెదరక పడవలెనన్న క్షణములో నాలుగువందలవ వంతు మాత్రమే కెమెరా కన్ను తెరచియుండవలెను. సామాన్యమైన దూరపు కటకము 5.6 కొలతకు మించి తెరచుకొనదు. అప్పుడు ఐ.ఎస్.ఓ. సుమారు 12,800 కావలసివచ్చును. 2.8 వరకు తెరచుకొను కటకమైనచో నాలుగురెట్లు వెలుతురు లోనికి వచ్చును, 3,200 చాలును. సరే, ఆ కటకము ధర విన్న మనబోంట్లకు గుండె ఆగును. ఐతే మరియొక దారి గలదు. అదే దుప్పి నిలిచి చెవులు రిక్కించి చూచు క్షణమునకై వేచియుండుడు. కదలనప్పుడు క్షణములో ఏబదవ వంతు చాలును. పాత కటకముతోనే ఐ.ఎస్.ఓ. 1,600కు దిగును. పైసా ఖర్చు లేదు.

ఎర్రుపాలెపు పైడికంటెకు మేము చేసినది ఇదియే. అది తొర్రవాకిట శిలవలె కూర్చుండు పక్షి. పిల్ల చేతితో పట్టుకొని, ఎగురుపక్షికి తగినట్లు క్షణములో వెయ్యవ వంతు పెట్టి తీయుచున్నది. కెమెరాను ముక్కాలిపీటకు బిగించి, లేనిచోట బియ్యపు సంచిమీద ఆనించి, ముప్పదవ వంతుకు దింపుమంటిని. ఇరువది బొమ్మలు తీసినచో మెడ త్రిప్పనివి నాలుగైనను ఉండును. వెలుతురు ముప్పదిరెట్లకు పైగా పెరిగినది, బరక ఆరవ వంతుకు దాపునకు దిగినది. తలమీది చుక్కలు ఒక్కొక్కటిగ లెక్కపెట్టవచ్చును. మరియొక సంగతి. బరక కనబడునను భయమున అంకె తగ్గించి, నల్లగ బొమ్మ తీసి, ఇంటికి వచ్చి కంప్యూటరులో తెల్లగ చేయువారు గలరు. అందువలన లాభము లేదు, అనేక కెమెరాలలో నష్టమే. కావలసిన అంకె పెట్టి, వెలుతురు సరిగా పడునట్లు తీయుటయే మంచిది. చిన్న కాగితముమీద అచ్చువేసినప్పుడు సగము బరక మాయమగును. నాలుగు చుక్కలు కలిసి ఒక చుక్క యైనప్పుడు హెచ్చుతగ్గులు సర్దుకొనును గదా. తెరమీద పదిరెట్లు పెంచి చూచుకొని దుఃఖించుట ఈ కాలపు జబ్బు.

ఇంతకష్టమేల, దీపము వేసి తీయరాదా యని అడుగువారుందురు. నిశాచరముల కండ్లు చీకటికై సిద్ధపడినవి. ఒక్కసారిగ మొగముమీద మెరుపు పడినచో గూబకు కొంతసేపు చూపు తెలియదు. ఆ కొంతసేపులో అది కొమ్మను గ్రుద్దుకొనవచ్చును, వేట తప్పవచ్చును. గూటిలో పిల్లలున్న కాలమున ఒక పూట వేట తప్పుట చిన్న సంగతి కాదు. అడవిలోనైతే చట్టము కూడ నున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము 28వ విభాగము ప్రకారము అభయారణ్యములో ఛాయాచిత్రములకై ప్రవేశించుటకు అనుమతి పొందవలెను. కిన్నెరసానికి పోవు పిల్లలు ముందుగ అటవీశాఖ కార్యాలయమున విచారించుకొని పోవుట మేలు.

దీపము తప్పనిసరియైన సందర్భములు లేకపోలేదు. మన తెలుగునాటి కలివికోడి కథ అట్టిది. 1848 ప్రాంతమున జెర్డను అను వైద్యుడు దీనిని లోకమునకు తెలియజేసెను. 1900 తరువాత ఎవరికిని కానరాక, నశించినదనియే తలచిరి. 1986 జనవరిలో కడప జిల్లాలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్, స్థానికులగు వేటగాండ్ర సాయముతో దానిని మరల కనుగొనెను. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము దానికొరకే ఏర్పడినది. రొమ్ముమీద రెండు పట్టీలుగల ఈ పక్షి రాత్రివేళ ముండ్లపొదల నడుమ తిరుగును. ఎంత పెద్ద అంకె పెట్టినను ఆ చీకటిలో దానిని దూరమునుండి పట్టుట దుస్సాధ్యము. శాస్త్రజ్ఞులు ఏమి చేసిరనగా, పొదలమధ్య మెత్తని మన్ను పట్టీలుగ పరచి, తెల్లవారి వచ్చి దానిమీది అడుగుజాడలు చూచిరి. జాడ కనబడినచోట తమంతట తామే పనిచేయు కెమెరాలను అమర్చిరి. వెలుతురు చెప్పలేనిదానిని మన్ను చెప్పినది. మనము ముగ్గుపిండి మీద పిల్లి అడుగులు చూచి పాలు ఎవరు త్రాగినదో తెలిసికొనుట లేదా!

ఈ స్వయంచాలక కెమెరాలే నేడు పులుల లెక్కకు ఆధారము. 2018–19 లెక్కలో దేశమున 26,838 చోట్ల వానిని అమర్చగా 3,48,58,623 బొమ్మలు వచ్చినవి. అందు పులులవి 76,651. ఆ బొమ్మలనుండి, పిల్లలను విడిచి, 2,461 పులులను వేర్వేరుగ గుర్తించిరి. గుర్తించుట చారలనుబట్టి. మనుష్యుల వ్రేలిముద్రలవలె ఏ రెండు పులుల చారలును ఒక్కతీరున నుండవు. చార ఎక్కడ చీలినది, ఎక్కడ తెగినది అనుదానిమీదనే లెక్క యంతయు నిలిచియున్నది.

అందుచేత బరక తుడుచు యంత్రములను గూర్చి ఒక హెచ్చరిక చేయుట అవసరము. వెనుకటి యంత్రములు ప్రక్కచుక్కలను కలిపి నున్నన చేసెడివి. బరకతోబాటు ఈకలు, వెండ్రుకలు కూడ అరిగిపోయి పక్షి మైనపుబొమ్మవలె నయ్యెడిది. అది చూచినంతనే తెలియును. ఈ నాలుగైదేండ్లుగ వ్యాపించిన కృత్రిమమేధ యంత్రములు అట్లు కావు. లెక్కలేనన్ని బొమ్మలు చూపి వానికి శిక్షణ యిచ్చిరి. బరకచాటున ఈక యెట్లుండవలెనో అవి ఊహించి దిద్దును. ఫలితము అతిసుందరము. మా పిల్ల తన తొలి గూబబొమ్మను అట్టి యంత్రమునకు ఇచ్చినది. తలమీద చుక్కలు ముత్యములవలె వచ్చినవి. ముక్కాలిపీటతో తీసిన బొమ్మప్రక్కన పెట్టి లెక్కించితిమి. ఒకచోట మూడుండవలసినది రెండు వచ్చినవి, మరియొకచోట లేని చుక్క మొలిచినది. గోడకు వ్రేలాడవేయు బొమ్మకు ఇది దోషము కాదు. పులి చారలో ఇట్టి చుక్క మొలిచినచో, ఉన్న పులి లేకపోవును, లేని పులి పుట్టును. నా మట్టుకు నాకు బరకబొమ్మయే ఇష్టము. చూచినంత చూపి, చూడనిదానిని చూచితినని అది చెప్పదు.

ఆడపిల్లలు రాత్రిచిత్రములు తీయలేరనువారికి ఒక సమాధానము గలదు. లండను ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలవారు 2020లో జరిపిన పోటీలో, మహారాష్ట్రమునకు చెందిన ఐశ్వర్యా శ్రీధర్ అను యువతి తీసిన బొమ్మకు ప్రశంస లభించెను. చీకటిరాత్రి ఒక చెట్టునిండ మిణుగురులు వెలుగుచుండగ తీసిన చిత్రమది. మిణుగురుకు మించిన దీపము ఆమె వేయలేదు.

ఇండ్లలో పిల్లలు తీయు బొమ్మలను గూర్చి చివరగ ఒక్క మాట. యంత్రముతో దిద్దిన ప్రతిని వేరుగ దాచుకొని, కెమెరాలో తొలుత పడిన ప్రతిని చెరపక యుంచుడు. దానికి ‘రా’ ఫైలని పేరు. అది చూచుటకు వెలవెలబోయి యుండును, చోటును ఎక్కువ పట్టును. ఐనను ప్రక్కన తేది, వేళ, ఊరు, చెట్టుపేరు వ్రాసిపెట్టినచో, ఎర్రుపాలెపు చింతలలో పైడికంటెలు ఏ యేట ఎన్ని యుండెనో తెలిసికొనగోరువారికి అది అక్కరకు వచ్చును. మా పిల్ల ఒక నోటుపుస్తకము పెట్టినది. మొన్నటి లెక్కకు రెండు తొర్రలు, అయిదు పక్షులు.